పదిహేడుమంది పిల్లలు, ఎనిమిది మైకులు

చుట్టాలొస్తే మా ఇంట్లో పకోడీల కంటే ముందు మేం బయటికొచ్చేవాళ్ళం. అక్క, నేను, తమ్ముడు. నాన్న గొంతు సవరించుకుని "మావాళ్ళు బాగా పాడతారండీ" అనేవాడు. అంతే, ఎత్తు ప్రకారం గోడకి ఆనుకుని నిలబడాలి. అక్కది శ్రుతి, నాది తాళం, తమ్ముడిది అలక. చుట్టాలు లేవబోతుంటే అమ్మ "ఇంకొక్కటి వినండి" అని కూర్చోబెట్టేసేది. అక్క ఇంటర్‌లో చేరిన ఏడాది మా బృందం రద్దయింది. ఎందుకని అడిగితే అక్క ఇప్పటికీ పరీక్షల వల్ల అంటుంది. తమ్ముడు నా తాళం వల్ల అంటాడు.

ఈ సంగతి మళ్ళీ గుర్తొచ్చింది పుదుచ్చేరిలో. ఒర్లియంపేటలో అద్దెకుంటున్నాను. పేరులో ఫ్రాన్సు దేశపు ఒర్లియాన్, తోకలో మన పేట. వీధిలో తమిళం, యానాం నుంచి ఆఫీసు పనుల మీద వచ్చినవాళ్ళు కనిపిస్తే రెండు నిమిషాలు గోదారి తెలుగు. ఏటా జూన్ 21న ఫ్రాన్సులో జరిగే సంగీత పండుగ ఈ ఊళ్ళోనూ జరుగుతుంది. 1982లో అక్కడ మొదలైన ఆ పండుగ పద్ధతి సులువు: వాయించగలిగినవాడు వీధిలోకొచ్చి వాయిస్తాడు, వినేవాడు నిలబడి వింటాడు, టిక్కెట్టుండదు. అలాంటి ఒక సాయంత్రం ముగ్గురు తోబుట్టువులు వాయిస్తుంటే చూశాను. పెద్దవాడు గిటారు మీద ఎక్కడో తప్పాడు. డ్రమ్ము ముందున్న చిన్నవాడు కనుబొమ ఒక్కటి ఎగరేశాడు. జనానికి తెలియలేదు, నాకు తెలిసింది. అచ్చం మా తమ్ముడి కనుబొమ. బయటివాళ్ళ బృందంలో ఆ తప్పును పాటయ్యాక మాటల్లో చెబుతారు. ఇంటివాళ్ళ బృందంలో పాట నడుస్తుండగానే ముఖంతో చెప్పేస్తారు.

ఆ రాత్రి నేను వెతికి విన్నది 'ది జెట్స్' అనే తోబుట్టువుల బృందం పాటలు. కాలేజీ రోజుల్లో ఒక స్నేహితుడి దగ్గర వాళ్ళ క్యాసెట్ ఉండేది. అట్ట మీద నల్లటి ఒత్తయిన జుట్టుతో ఎనిమిదిమంది. అందరి ముఖాలూ ఒకే అచ్చులో పోసినట్టుండేవి. స్పెయిన్ వాళ్ళేమో అనుకునేవాడిని. కాదు. పసిఫిక్ మహాసముద్రం మధ్యలో ఉన్న టోంగా దేశపు బిడ్డలు. పాలినేషియన్లు.

పాలినేషియా అంటే గ్రీకులో 'అనేక దీవులు'. ఆ పేరు పెట్టింది ఫ్రెంచివాడే, 1756లో షార్ల్ ద బ్రోస్ అనే రచయిత. అందులో ఒక ముక్క, తాహితీ ఉన్న ముక్క, ఇప్పటికీ ఫ్రాన్సు చేతిలోనే ఉంది. పుదుచ్చేరి మాత్రం 1954 నవంబర్ 1న ఆ చేతి నుంచి జారుకుంది. టోంగా కథ వేరు. దీవులు 170 దాకా, జనాభా లక్ష పైచిలుకు. 1900 నుంచి 1970 దాకా బ్రిటిష్ రక్షణలో ఉన్నా సొంత రాజు సింహాసనం దిగలేదు. 1953లో లండన్‌లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం ఊరేగింపులో జోరువాన కురుస్తుంటే, గుర్రబ్బండికి పైకప్పు వేయించుకోకుండా తడుస్తూ జనానికి చేయి ఊపిన టోంగా రాణి సలోటే ఆ దేశానిది. ఆవిడ పాటలు కట్టేది, సామూహిక నాట్యాలకు సాహిత్యం రాసేది. రాణే వాగ్గేయకారిణి అయిన దేశంలో పాట పాడటం ఎవరికి నామోషీ అవుతుంది?

సలోటే 1965 డిసెంబర్‌లో కన్నుమూసింది. అదే 1965లో మైక్ వోల్ఫ్‌గ్రామ్, వాకే అనే దంపతులు టోంగా విడిచి అమెరికాలోని యూటా రాష్ట్రం, సాల్ట్ లేక్ సిటీకి వలస వెళ్ళారు. ఇంటిపేరు చూసి జర్మన్లనుకోకండి. జర్మనీ నుంచి ఎప్పుడో 19వ శతాబ్దంలో టోంగా దీవులకు వచ్చి అక్కడే కాపురాలు పెట్టినవాళ్ళ ఇంటిపేరు అది. ఆ కుటుంబానిది మోర్మన్ మతం. సాల్ట్ లేక్ సిటీ మోర్మన్లకు కాశీ లాంటిది. ఇంటిపేరు జర్మన్, రక్తం టోంగన్, ఊరు అమెరికన్.

పిల్లలు 17 మంది. అందులో ఇద్దరు పెంపుడు పిల్లలు. పదిహేడుమందికి అన్నం పెట్టాలంటే ఉద్యోగం ఒక్కటి సరిపోదు. ఇంట్లో ఉన్న సొత్తల్లా పాట, ఆట. తల్లిదండ్రులు పెద్దపిల్లల్ని వెంటేసుకుని హోటళ్ళలో, విందుల్లో దీవుల నాట్యాలు, పాటలు ప్రదర్శించారు. ఆ రోజుల్లో అమెరికాలో గడ్డి లంగాలు, పూలదండలు, కొబ్బరి చిప్పల అలంకారాల హోటళ్ళకు గిరాకీ ఉండేది. బయట మంచు కురుస్తుంటే లోపల ఉత్తుత్తి సముద్రతీరం. ఆ ఉత్తుత్తి తీరంలో నిజం దీవివాళ్ళు వీళ్ళు. తిరిగి తిరిగి చివరికి మిన్నెసోటా రాష్ట్రంలోని మిన్నియాపొలిస్‌లో స్థిరపడ్డారు. చలికాలంలో చెరువులు గడ్డకట్టి వాటి మీద కార్లు నడిచే ఊరు.

ఊరైతే చల్లనిది, అదను మాత్రం వేడిది. 1984లో 'పర్పుల్ రెయిన్' వచ్చి గాయకుడు ప్రిన్స్ పేరు ప్రపంచమంతా మోగింది, ప్రిన్స్‌ది మిన్నియాపొలిస్సే. రికార్డు కంపెనీల వాళ్ళు ఆ ఊరి గల్లీల్లో ఇంకెవరున్నారా అని వెతుకుతున్న కాలం. వోల్ఫ్‌గ్రామ్ పిల్లల్లో పెద్దవాళ్ళు ఎనిమిదిమంది: లీరాయ్, ఎడ్డీ, యూజీన్, హైనీ, రూడీ, కాథీ, ఎలిజబెత్, మోఆనా. హైనీ బేస్ గిటారు, రూడీ డ్రమ్ములు, లీరాయ్ గిటారు. అప్పటికి బృందం పేరు 'క్వేజార్'. సంగీత వ్యాపారంలో తలపండిన డాన్ పొవెల్ మేనేజరుగా వచ్చి చేరాక 'ది జెట్స్' అయ్యారు. ఎల్టన్ జాన్ పాట 'బెన్నీ అండ్ ది జెట్స్' నుంచి తీసుకున్న పేరది. ఎం.సి.ఎ. కంపెనీ 1985లో తొలి ఆల్బమ్ తెచ్చింది. పొవెల్‌తో కలిసి దాన్ని తీర్చిదిద్దిన డేవిడ్ రివ్‌కిన్ ఎవరో కాదు, ప్రిన్స్ బృందం 'ది రివల్యూషన్'లో డ్రమ్ములు వాయించిన బాబీకి అన్నయ్య. ఎటు చూసినా అన్నదమ్ముల యాపారమే.

ఆ తర్వాత మూడేళ్ళూ ఈ ఇంట్లో దీపావళే. 'క్రష్ ఆన్ యూ' 1986లో అమెరికా బిల్‌బోర్డ్ పట్టీలో 3వ స్థానం దాకా ఎగిసింది. 'యూ గాట్ ఇట్ ఆల్' 1987లో మళ్ళీ 3. 'బెవర్లీ హిల్స్ కాప్ 2' సినిమాలో పెట్టిన 'క్రాస్ మై బ్రోకెన్ హార్ట్' 7. 1988లో 'రాకెట్ టు యూ' 6, 'మేక్ ఇట్ రియల్' 4. మూడేళ్ళలో మొదటి పదిలో అయిదు పాటలు. అప్పట్లో ఆ పట్టీలో మొదటి పది అంటే వారం వారం దేశమంతా రేడియోల్లో, రికార్డు దుకాణాల్లో జరిగే లెక్కింపు. మైకేల్ జాక్సన్, మడోనా, విట్నీ హ్యూస్టన్ కూర్చున్న బల్ల దగ్గర కుర్చీ వేసుకోవడం.

ఇక్కడ నన్ను ఆపే సంగతి ఒకటుంది. ఆ అయిదు పాటల్లో టోంగా ఎక్కడా లేదు. మాట లేదు, లయ లేదు, చర్చిలో వాద్యం లేకుండా నాలుగు గొంతుల్లో పాడే టోంగా పద్ధతీ పైకి కనిపించదు. అంతా కీబోర్డు, యంత్రపు డ్రమ్ము, ప్రేమ. రేడియోలో విన్నవాళ్ళకు వీళ్ళెవరో తెలియదు. 'క్రష్ ఆన్ యూ' నల్లజాతి శ్రోతల పట్టీలోనూ బాగా పైకి వెళ్ళింది. పాడినవాళ్ళ ముఖం ఎవరికీ తెలియనంతకాలం ప్రతివాళ్ళూ మనవాళ్ళే అనుకున్నారు. కూడు పెట్టింది దీవుల ఆట. పేరు తెచ్చింది అమెరికా పాట. ఈ రెంటికీ మధ్య ఆ పిల్లలు ఏం కోల్పోయారని నన్నడిగితే, కోల్పోవడమని ఒప్పుకోను. గొంతులు కలిసిన తీరులో ఇల్లు దాక్కుని ఉంది. ఒకే అమ్మ మాట విని పెరిగినవాళ్ళ అచ్చులు ఒక్కలాగే తెరుచుకుంటాయి, ఒక్కలాగే మూసుకుంటాయి. దవడలు, ముక్కుల ఆకారాలూ దగ్గరదగ్గరగా ఉంటాయి. అందుకే ఆ గొంతులు కలిపితే అతుకు కనపడదు. బీచ్ బాయ్స్‌లో విల్సన్ అన్నదమ్ములు, బీ జీస్‌లో గిబ్ అన్నదమ్ములు, గ్యారీ ఊరి జాక్సన్లు, యూటా నుంచే వచ్చిన మోర్మన్ కుటుంబం ఆస్మండ్స్, అందరిదీ ఇదే రహస్యం. మనకైతే మల్లాది సోదరులు, హైదరాబాద్ బ్రదర్స్, ప్రియా సిస్టర్స్ ఉన్నారు. కచేరీలో కళ్ళు మూసుకుంటే ఏ సంగతి ఎవరిదో పోల్చుకోవడం కష్టం.

టోంగా వారి చుట్టరికాల్లో ఒక తమాషా ఉంది. అక్కడ అక్కచెల్లెళ్ళ హోదా అన్నదమ్ముల కంటే ఎక్కువ. మేనత్త మాట ఇంట్లో శాసనం. మన ఆడపడుచు లాంఛనాలకి దూరపు బంధువన్నమాట. జెట్స్ పాటల్లో పేరుమోసిన నెమ్మది పాటలు రెండూ, 'యూ గాట్ ఇట్ ఆల్', 'మేక్ ఇట్ రియల్', ఎలిజబెత్ గొంతులోవే. అన్నయ్యలు వెనక నిలబడి వాద్యాలు వాయించారు. ఆచారం వల్ల కాదులెండి, గొంతు వల్లే. అయినా పోలిక బాగుందని చెప్పాను.

పాలినేషియాకి పొరుగున ఉన్న తెలుగువాళ్ళ సంగతీ ఒక్క ముక్క. టోంగాకి పడమట ఫిజీ దీవులు. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కించి చెరుకు తోటల్లో కూలికి తీసుకెళ్ళినవాళ్ళలో మనవాళ్ళున్నారు. ఇప్పటికీ అక్కడ దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం ఉంది. చెరుకు గెడలు నరికిన చేతులతో వాళ్ళు భజన తాళాలు పట్టుకుని ఉండకపోరు.

మరి ఇంటిల్లిపాదీ రంగమెక్కడం మనకు కొత్తా? కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు కుటుంబం 'కీచక వధ' ఆడింది. అంతకు ముందు ఆ కుటుంబాలది తోలుబొమ్మలాట. బొమ్మల్ని పక్కన పెట్టి మనుషులే తెర ముందుకొచ్చారు. ఆడవేషాలు మగవాళ్ళే కట్టే రోజుల్లో సురభివాళ్ళ ఇంటి ఆడవాళ్ళే ఆడవేషాలు కట్టారు. తండ్రి రాజు, కూతురు రాణి, మనవడు బాలకృష్ణుడు, అల్లుడు హార్మోనియం, మేనల్లుడు తెర తాడు. 'మాయాబజార్'లో ఘటోత్కచుడు గాల్లో తేలి వచ్చాడంటే ఆ తాడు లాగినవాడు ఆ ఇంటి చుట్టమే. ఉయ్యాల్లో ఉన్న పిల్లని ఎత్తుకొచ్చి శిశుపాత్ర ఇచ్చేస్తారు. దానికి జీతం పాలసీసా. 1937లో మొదలైన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలిని నడిపిన సురభి బాబ్జీకి, అసలు పేరు నాగేశ్వరరావుకి, 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన పోయారు. హైదరాబాద్ శేరిలింగంపల్లిలో సురభి కాలనీ ఉంది, ఊరి పేరు మోస్తున్న కుటుంబాల కాలనీ.

వోల్ఫ్‌గ్రామ్ ఇంటికీ సురభి ఇంటికీ ఒక తేడా. సురభిలో పాత పాత్రధారి వెళ్ళిపోతే అతని కొడుకు ఆ వేషం కడతాడు. వేషం శాశ్వతం, మనిషి బదిలీ. పాప్ సంగీతంలో అది కుదరదు. జనం వేషాన్ని కాదు, ముఖాన్ని కొన్నారు. 1988లో యూజీన్ జెట్స్ నుంచి విడిపోయాడు. జీన్ హంట్ అనే పేరుతో జో పాస్క్వాలేతో కలిసి 'బాయ్స్ క్లబ్' అని ఇద్దరి బృందం పెట్టాడు. వాళ్ళ 'ఐ రిమెంబర్ హోల్డింగ్ యూ' అదే బిల్‌బోర్డ్‌లో 8వ స్థానానికి వెళ్ళింది. ఇంటిపేరు మార్చుకున్నవాడికి కూడా ఇంటి గొంతు అచ్చొచ్చింది. మిగిలినవాళ్ళు 1989లో 'బిలీవ్' ఆల్బమ్ తెచ్చారు, మునుపటి ఊపు రాలేదు. అప్పటికి శ్రోతల రుచి మారింది. పెళ్ళిళ్ళు, పిల్లలు, మతప్రచార సేవలు వచ్చాయి. చిన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎదిగి ఖాళీ అయిన చోట్లలో నిలబడ్డారు. పదిహేడుమంది ఉన్న ఇంట్లో ఆ ఒక్క సౌకర్యం మాత్రం తక్కువ కాదు.

పాలకొల్లు కథ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఎందుకంటే అది జెట్స్ కథకి తిరగేసిన అద్దం.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టాడు. తండ్రి సత్యనారాయణ వాద్యకారుడు, ఇంట్లో మాండొలిన్ ఉండేది. ఇటలీలో పుట్టిన వాద్యమది, మనకు సినిమా పాటల వెనక టింగుటింగున వినిపించే సరుకు. ఆరేళ్ళ పిల్లాడు తండ్రి లేనప్పుడు దాన్ని మీటడం మొదలెట్టాడు. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు రుద్రరాజు సుబ్బరాజు గారు ఆ పిల్లాణ్ణి చూశారు. ఆయనకు మాండొలిన్ రాదు. అందుకని ఆయన పాడేవారు, పిల్లవాడు విన్నది విన్నట్టు తీగల మీద పలికించేవాడు. అంటే ఆ వాద్యంలోకి వచ్చింది చేతివాటం కాదు, గొంతు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ. 1981లో మద్రాసు డిసెంబర్ కచేరీలు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. పద్నాలుగేళ్ళవాడికి విదేశీ జాజ్ శ్రోతలు లేచి చప్పట్లు కొట్టారు.

పండితులు ముందు ముఖం చిట్లించారు. మాండొలిన్‌కి జంట తీగలు ఎనిమిది. జంట తీగని లాగి గమకం పలికించడం మొండిగోడని ఒప్పించడం లాంటిది. పైగా మీటిన స్వరం వెంటనే చచ్చిపోతుంది. శ్రీనివాస్ జంటలు తీసేసి ఒంటి తీగలు అయిదు పెట్టుకున్నాడు. విద్యుత్ పికప్ తగిలించి స్వరానికి ఆయువు పోశాడు. ఆ తర్వాత వాదించినవాళ్ళు లేరు. తమ్ముడు రాజేష్‌కి అన్నే గురువు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని జంట మాండొలిన్ కచేరీలు చేశారు. అన్న జాన్ మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్‌లతో 'రిమెంబర్ శక్తి'లో వాయించాడు. మెక్‌లాఫ్లిన్ 2008 ఆల్బమ్ 'ఫ్లోటింగ్ పాయింట్'లో తమ్ముడు వాయించాడు, అది గ్రామీకి నామినేట్ అయింది. 1998లో అన్నకి పద్మశ్రీ. 2014 సెప్టెంబర్ 19న చెన్నైలో శ్రీనివాస్ పోయాడు, నలభై అయిదేళ్ళకి.

ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. వోల్ఫ్‌గ్రామ్ పిల్లలు తమ గొంతులు తీసుకెళ్ళి పరాయి పాటలో పోశారు. పాలకొల్లు అన్నదమ్ములు పరాయి వాద్యం తీసుకొచ్చి తమ పాటలో ముంచారు. మొదటిది పైకి రావడానికి దగ్గరి దారి, మూడేళ్ళు చాలు. రెండోదానికి ఎన్ని డిసెంబర్లు పట్టిందో మద్రాసు సభలకు తెలుసు. ఏది గొప్పదని అడిగితే నా ఓటు పాలకొల్లుకే. నా ఊళ్ళు అటువైపువని కాదు. జెట్స్ పాటల్లో సగం ఇవాళ వింటే 1980ల యంత్రాల మోత ముందొస్తుంది, మనుషులు వెనకపడతారు. శ్రీనివాస్ క్యాసెట్లకి ఆ కాలదోషం పట్టలేదు. అయితే 'యూ గాట్ ఇట్ ఆల్' ఒక్కటి వదలను. ఆ పాట రాసింది రూపర్ట్ హోమ్స్, బ్రాడ్‌వే నాటకాలు రాసిన చెయ్యి. అందులో మోత లేదు, ఓ చిన్నపిల్ల గొంతు ఉంది. దాని వెనక అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ గొంతులు దుప్పటి కప్పినట్టు వచ్చి చేరతాయి.

పోయిన వారం అక్కకి ఫోన్లో వినిపించాను. పాటంతా విని "ఆ పిల్ల శ్రుతి బాగుంది, వెనక తాళం కూడా సరిగ్గా ఉంది" అంది. ఎవర్ని ఉద్దేశించి అందో అర్థమై ఫోన్ పెట్టేశాను.

మీరూ వినండి. ఆ పాట రికార్డయ్యేనాటికి ఎలిజబెత్‌ది మన ఎనిమిదో తరగతి పిల్ల వయసు. 2000లో బ్రిట్నీ స్పియర్స్ కూడా అదే పాట పాడింది. రెండూ ఒకదాని తర్వాత ఒకటి విని ఏది నచ్చిందో రాయండి. ఇంట్లో అన్నదమ్ములో అక్కచెల్లెళ్ళో కలిసి పాడేవాళ్ళుంటే ఆ సంగతీ రాయండి. తాళం ఎవరు తప్పుతారో మాత్రం రాయకండి.